రాయి కటింగ్‌లో డబ్బు ఎక్కడ పోతుంది? నీలం, అమెథిస్ట్ పక్కపక్కన పెట్టి చూద్దాం

నమస్కారమండి. కెమెరా కొంచెం కిందికి దించుతున్నాను. ఎడమవైపున్నది నీలం, కుడివైపున్నది అమెథిస్ట్, అంటే ఊదారంగు స్ఫటికం. రెండూ ఓవల్ రాళ్లే. కింద న్యూస్‌పేపర్ పరిచాను. నీలం మధ్యలోంచి అక్షరాలు చదవొచ్చు. అమెథిస్ట్‌లో ఒక్క అక్షరమూ కనపడదు, అంతా మెరుపే. మరి ఖరీదు? నీలానిదే ఎన్నో రెట్లు ఎక్కువ. ఖరీదైన రాయికి ఇలాంటి కటింగ్, చవక రాయికి ఇంత మంచి కటింగ్ ఎందుకు వచ్చాయో చూద్దాం.

ముందు రాయి భాగాలు. పైభాగం క్రౌన్, కిందిభాగం పెవిలియన్, రెంటి మధ్య నడుము గర్డిల్. పైనుంచి లోపలికెళ్లిన వెలుగు పెవిలియన్ ఫేసెట్లకు, అంటే కోసిన చిన్న పలకలకు, తగిలి తిరిగి మన కంటికి రావాలి. ఆ ఫేసెట్ల కోణం మరీ తగ్గితే వెలుగు అడుగునుంచి జారిపోతుంది. దాన్నే విండో అంటారు, మీరిప్పుడు నీలంలో చూసింది అదే. ఈ హద్దు ఒక్కో రాయికి ఒక్కోలా ఉంటుంది. స్ఫటికానికి సుమారు 40.5 డిగ్రీలు, నీలానికి 34.5. అందుకే అమెథిస్ట్‌ని 42, 43 డిగ్రీల్లో కోస్తారు. రెండు మూడు డిగ్రీలు జారితే చాలు, రాయి గాజుముక్కలా కనిపిస్తుంది. నీలానికి అంత టెన్షన్ లేదు, దాని హద్దు బాగా కిందే ఉంది.

అయినా విండో నీలానికే వచ్చింది. పక్కకు తిప్పుతున్నాను, గమనించండి. నడుము కింద బొజ్జలా ఉబ్బి ఉంది, అడుగు మాత్రం చదునుగా ఉంది. ఆ బొజ్జ వల్ల మెరుపేమీ రాదు, బరువు మాత్రం వస్తుంది. నీలం అమ్మేది క్యారెట్ లెక్కన కదా, ఆ బరువుకీ మనం డబ్బు కడుతున్నాం.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేద్దాం. ఇవి మార్కెట్ ధరలు కావు, లెక్క అర్థం కావడానికి నేను అనుకున్న అంకెలు. 10 క్యారెట్ల నీలం ముడిరాయి, క్యారెట్ 2,000. మొత్తం 20,000. బరువు కాపాడుతూ కోస్తే 4 క్యారెట్లు మిగిలాయనుకోండి. కోణాలు సరిగ్గా పెడితే 3. మజూరీ మొదటి పనికి 1,500, రెండోదానికి 3,000. మొదటిది క్యారెట్‌కి 5,375 పడింది. రెండోది 7,667. ఈ తేడాలో మజూరీ వాటా తక్కువ, ఎక్కువ భాగం సానమీద పొడైపోయిన ఆ ఒక్క క్యారెట్‌దే.

అదే 10 క్యారెట్ల అమెథిస్ట్ తీసుకుందాం, క్యారెట్ 30. రాయి మొత్తం 300 రూపాయలే! దానికి 3,000 మజూరీ. ఇక్కడ ఒక క్యారెట్ ఎక్కువ పొడైనా ఎవరికీ బాధ ఉండదు, రాయికంటే చేతిపని ఖరీదే పదిరెట్లు. అందుకే సరదాగా ఇంట్లో మెషిన్ పెట్టుకున్నవాళ్లు చాలామంది స్ఫటికంతో మొదలుపెడతారు, నిర్భయంగా కోస్తారు. బరువు మిగుల్చుకోవాలనే ఒత్తిడి నీలం, కెంపు, పచ్చ కోసేవాళ్లకే.

అలాగని లావు అడుగు చూడగానే మోసం అనేయకండి. శ్రీలంక నీలాల్లో కొన్నిటికి రంగు రాయంతా పరుచుకోదు, ఒక మూలనే ఉంటుంది. అక్కడి పనివాళ్లు ఆ రంగు చుక్క సరిగ్గా అడుగు కొసలో పడేలా కోస్తారు. పైనుంచి చూస్తే రాయంతా నీలంగా ఉంటుంది. ఆ కొసను సరిచేస్తామని అరగదీశామా, రంగే పోతుంది. అలాంటి రాయిని రీకట్‌కి, అంటే మళ్లీ కోయడానికి, ఇవ్వొద్దని నా సలహా.

రీకట్‌లో ఎంత పోతుందో చెప్పడానికి కోహినూర్ కంటే పెద్ద ఉదాహరణ లేదు. 1852లో లండన్‌లో దాన్ని మళ్లీ కోసినప్పుడు 186 పాత క్యారెట్ల (ఇప్పటి లెక్కలో సుమారు 191) వజ్రం కాస్తా 105.6 క్యారెట్లయింది. నలభై శాతానికి పైగా పోయింది. మన రాళ్ల సంగతికొస్తే, 6 మిల్లీమీటర్ల గుండ్రటి రాయిని అదే ఆకారంలో 5.8కి తెచ్చామనుకోండి. తగ్గింది 0.2 మిల్లీమీటర్లే, బరువు మాత్రం దాదాపు పది శాతం తగ్గుతుంది. మూడు వైపులా కొలత తగ్గుతుంది మరి. అంచు చిట్లిన రాయిని "కొంచెం సాన పట్టండి చాలు" అని ఇచ్చే ముందు ఈ లెక్క వేసుకోండి.

ఇక నగ సంగతి. రాయిని కూర్చోబెట్టే రెడీమేడ్ గూళ్లు 6×4, 7×5, 8×6 మిల్లీమీటర్ల లాంటి సైజుల్లో వస్తాయి. ఇదిగో, కాలిపర్‌తో మన నీలం కొలుస్తున్నాను. 8.3×5.9. 8×6 గూట్లో కూర్చోదు. ఒక్క ఉంగరమైతే ఆచారిగారు రాయిని బట్టి గూడు కట్టేస్తారు. నలభై రాళ్ల హారంలో ఒక్కోటి ఒక్కో సైజైతే ప్రతి గూడూ విడిగా చేయాలి, రాయిమీద మిగుల్చుకున్నది అక్కడ మజూరీకి పోతుంది. గర్డిల్ కూడా చూసుకోండి. మరీ పలచగా ఉంటే, రాయిని పట్టి ఉంచే లోహపు పంజా నొక్కేటప్పుడు చిట్లుతుంది.

అన్ని నగలకూ ఇంత కచ్చితం అక్కర్లేదు. వెనక మూసేసి, రాయి కింద రేకు పెట్టే కుందన్ పనిలో వెలుగును వెనక్కి పంపేది ఆ రేకే. అక్కడ డిగ్రీల కోసం డబ్బు పెట్టడం దండగ. సైజులు, రంగు కలిస్తే చాలు. వెనక తెరిచి ఉండే పంజా సెట్టింగ్‌కే ఖర్చు పెట్టండి.

ముడిరాయి కోయడానికి ఇచ్చేటప్పుడు మజూరీ రాయి లెక్కన మాట్లాడుకోండి. పూర్తయ్యాక వచ్చే క్యారెట్ లెక్కన ఒప్పుకుంటే బొజ్జ ఉంచడమే కోసే ఆయనకు లాభం. గూడు సైజు ముందే చెప్పండి, ముడిరాయి బరువు మీ ఎదుటే తూయించి కాగితం మీద రాయించుకోండి. "విండో లేకుండా కావాలి, బరువు తగ్గినా పర్లేదు" అన్న మాట మీ నోటితో మీరే చెప్పాలి. చెప్పకపోతే ఆయన బరువే కాపాడతాడు, ఎందుకంటే వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది అదే.