"నాకు బిజినెస్ రాదన్నా": బీఈడీ విద్యార్థులు, సొంత ఆలోచన

[తెర మీద: హనుమకొండ నయీంనగర్ రోడ్డు. జిరాక్స్ షాపు ముందు రికార్డు పుస్తకాల కట్టలు.]

నమస్తే. మా చిన్నమ్మ కూతురు ఇక్కడే బీఈడీ చేస్తోంది. దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, అందుకే తోటివాళ్ల చార్టుల పనంతా ఆమె దగ్గరికే వస్తుంది. చార్టుకి ఇంత అని రేటుంది. సగం అడ్వాన్స్ ఇవ్వాలి. ఫైనల్ టీచింగ్ వారంలో వస్తే డబుల్. మొన్న అడిగాను, "చదువయ్యాక సొంతంగా ఏమైనా పెడతావా?" అని. స్కెచ్ పెన్ మూత పెడుతూ అంది: "నాకు బిజినెస్ రాదన్నా. డీఎస్సీ రాస్తా."

ఈ వీడియో ఆ జవాబు గురించే.

కాబోయే టీచర్లకు ఆంత్రప్రెన్యూర్‌షిప్ మీద, అంటే సొంత ఆలోచనతో ఏదైనా మొదలుపెట్టడం మీద, ఎలాంటి అభిప్రాయం ఉందో చాలా దేశాల్లో పరిశోధకులు అడుగుతున్నారు. పుస్తకాల్లో దీన్ని 'వ్యవస్థాపకత' అంటారు. ఆ మాట నోటితో అన్న మనిషి నాకింకా తగల్లేదు. నేను 'చొరవ' అంటాను.

అభిప్రాయాన్ని కొలిచేదెలా? ఇలాంటి సర్వేల్లో ఎక్కువగా వాడేది ఐసెక్ ఐజెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1991లో వివరంగా రాసిన సిద్ధాంతం. మనిషి ఒక పనికి పూనుకుంటాడా లేదా అన్నది మూడింటి మీద ఉంటుందంటాడు: ఆ పని మీద ఇష్టం, మనవాళ్లు ఏమంటారు, నా వల్ల అవుతుందా.

[తెర మీద: మూడు గడులు. రెండోది మెల్లగా పెద్దదవుతుంది.]

రెండో గడి దగ్గర ఆగుదాం. 2009లో స్పెయిన్, తైవాన్ దేశాల యూనివర్సిటీ విద్యార్థులు 519 మంది మీద చేసిన ఒక అధ్యయనంలో, మనవాళ్ల మాట నేరుగా పెద్దగా పనిచేయలేదని తేలింది. అది మిగతా రెండు గడుల్లోంచి పనిచేసింది. అంటే ఇంట్లోవాళ్ల మాట విని ఆగిపోవడం కాదు, వినీ వినీ 'నాకే ఇష్టం లేదు', 'నాకు చేతకాదు' అని మనమే అనుకోవడం. మా చిన్నమ్మ "బీఈడీ చేసి షాపు పెట్టుడేంది బిడ్డా?" అని ఎన్నిసార్లందో లెక్కలేదు. ఇప్పుడు కూతురు "నాకు రాదు" అంటోంది.

పోనీ, మనకే ఇంత భయమా? జర్మనీ చూడండి. మాస్టర్స్ అయ్యాక కూడా ఏడాది నుంచి రెండేళ్ల దాకా స్కూల్లో శిక్షణ ఉంటుంది. అది దాటితే చాలా రాష్ట్రాల్లో టీచరుది జీవితాంతం కదలని ప్రభుత్వోద్యోగం. అక్కడా ఇంట్లోవాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

ఫిన్‌లాండ్ దారి వేరు. ప్రైమరీ టీచరుకి కూడా అక్కడ మాస్టర్స్ ఉండాల్సిందే. కానీ వాళ్లు టీచర్ని "నువ్వు కంపెనీ పెడతావా?" అని అడగరు, "పిల్లల చేత చొరవ చేయించగలవా?" అంటారు. 2010లో మొదలైన 'యూరితుస్‌క్యులా' అనే కార్యక్రమంలో ఆరో తరగతి పిల్లలు బొమ్మ ఊరిలాంటి చోట ఒకరోజంతా ఉద్యోగం చేస్తారు. బ్యాంకు, దుకాణం, జీతం, ఖర్చు అన్నీ ఉంటాయి. అంతకుముందు క్లాసులో పాఠాలు చెప్పి సిద్ధం చేసేది వాళ్ల టీచరే.

యూరోపియన్ కమిషన్ 2016లో ఇచ్చిన 'ఆంత్రెకాంప్' అనే చట్రంలో చొరవకు కావాల్సిన 15 నైపుణ్యాలున్నాయి. అందులో నాకు నచ్చింది ఒకటే: ఆలోచనను పదిమందికి పనికొచ్చేలా మలచడమే చొరవ అన్నారు, ఆ పనికొచ్చేది డబ్బే కానక్కర్లేదు. మన దగ్గర ఢిల్లీ ప్రభుత్వ స్కూళ్లలో 2019లో దీనికోసం పాఠ్యప్రణాళిక వచ్చింది. తర్వాత పెద్ద తరగతుల పిల్లలకు తలా 2,000 రూపాయల పెట్టుబడి కూడా ఇచ్చారు.

మళ్లీ మన నయీంనగర్‌కి వద్దాం.

[తెర మీద: 2017 – 8,792. 2023 – 5,089, దాని మీద కొట్టివేత గీత. 2024 – 11,062.]

ఇవి తెలంగాణ టీచర్ పోస్టుల నోటిఫికేషన్లు. 2017 తర్వాత మళ్లీ వచ్చింది 2023లో. అది కూడా రద్దయి 2024లో పెద్దది వచ్చింది. ఆ మధ్యకాలంలో బీఈడీ చేసినవాళ్లు ఏం చేశారు? ట్యూషన్లు చెప్పారు, ప్రైవేటు స్కూళ్లలో చేశారు, యూట్యూబ్ చానెళ్లు పెట్టారు. వీళ్లకి చొరవ లేదంటే నేనొప్పుకోను. కాకపోతే దాన్నంతా 'ఉద్యోగం వచ్చేదాకా' అన్న ఖాతాలో రాసేస్తారు, పనిచేసినవాళ్లే.

చెల్లెలి ఇంటర్న్‌షిప్ స్కూలుకి ఒకరోజు వెళ్లాను. బీఈడీ రెండేళ్లలో ఈ ఇంటర్న్‌షిప్ 20 వారాలు. ఆ రోజు వరండాలో ఆరో తరగతి పిల్లల చేత అంగడి పెట్టించింది. కరివేపాకు, చింతపండు, ఇంట్లో చేసిన సకినాలు. ఒకడు సకినాలు రూపాయికొకటి అమ్ముతుంటే పక్కవాడు ఐదు రూపాయలకు ఆరు అన్నాడు. గుంపంతా అటు మళ్లింది. మొదటివాడు కాసేపు చూసి, కరివేపాకు అమ్మే పిల్లతో ఏదో మాట్లాడి, రెండూ కలిపి పొట్లం కట్టడం మొదలుపెట్టాడు. చివర్లో లెక్క 14 రూపాయలు తక్కువొచ్చింది. బెల్ కొట్టినా ఎవరూ లేవలేదు, వెతుకుతూనే ఉన్నారు.

ఆ సాయంత్రం ఆమె లెసన్ ప్లాన్ రికార్డు చూశాను. లక్ష్యాలు, బోధనోపకరణాలు, మూల్యాంకనం, అన్నిటికీ గడులున్నాయి. తేదీ పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: 'గణితం, నిష్పత్తి. బోధనోపకరణం: చార్టు.'

"అంగడి రాయలేదేం?" అన్నాను.

"దానికి మార్కుల్లేవన్నా."