బొగ్గు పెట్టె ఒకటి బల్ల మీదికి: బాక్స్‌ఎన్ వ్యాగన్ కిట్ ఎలా కట్టాలి

తెర: నెల్లూరు స్టేషన్ ఫుట్‌బ్రిడ్జి. కింద ఖాళీ బొగ్గు రేకు (గూడ్సు బండి) నెమ్మదిగా వెంకటాచలం వైపు పోతోంది. పైనుంచి పెట్టెల లోపలి భాగం కనబడుతుంది.

ఇవి బాక్స్‌ఎన్ వ్యాగన్లు, అంటే పైకప్పు లేని బొగ్గు పెట్టెలు. ఇలాంటిదాని బుల్లి మోడల్ ఒకటి ఇవాళ కిట్‌తో కడదాం. ముందు ఈ పెట్టెల లోపలికి ఒకసారి చూడండి. బయట ఎర్రమట్టి రంగు. లోపల వేసిన రంగు ఎప్పుడో పోయింది. బొగ్గు పోసిన ప్రతిసారీ, దించిన ప్రతిసారీ గీసుకుపోయి ఒకచోట తుప్పు, ఒకచోట ఉత్త ఇనుము, మూలల్లో నల్లటి మసి. పై అంచు చూడండి, తిన్నగా ఉందా? మధ్యలో చిన్న పొట్ట వచ్చింది.

ఇవి కృష్ణపట్నం పోర్టుకి పోతున్న ఖాళీలు. వెంకటాచలం దగ్గర మెయిన్ లైన్ వదిలి పోర్టు లైన్ ఎక్కుతాయి. పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్ తీసుకుని ఇక్కడ గంటసేపు నిలబడితే, కిట్ డబ్బాలో వచ్చే కాగితం చెప్పనివన్నీ కనబడతాయి. ఒక్క మాట: కింద తీగల్లో 25 వేల వోల్టుల కరెంటు. సెల్ఫీ స్టిక్ ఇంట్లోనే పెట్టి రండి.

తెర: బల్ల మీద మొదటి మోడల్. లోపలా బయటా ఒకే ఎరుపు.

ఇది నేను కట్టిన మొదటి పెట్టె. అప్పట్లో బ్రిడ్జి ఎక్కలేదు. ఇంటర్నెట్‌లో పక్కనుంచి తీసిన ఫొటో ఒకటి చూసి కట్టేశాను. మా మేనల్లుడు అటూ ఇటూ తిప్పి చూసి, "మామా, అగ్గిపెట్టెకి చక్రాలు పెట్టావా?" అన్నాడు. వాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. వాడన్నది నిజమే. ఈసారి వాడి నోరు మూయించాలి.

తెర: స్కేలు, పెన్సిలు, కాగితం మీద లెక్క.

ముందు లెక్క. మనం కట్టేది హెచ్‌ఓ స్కేలులో, అంటే 87 వంతుల్లో ఒక వంతు. బాక్స్‌ఎన్ పొడవు కప్లర్ నుంచి కప్లర్‌కి, అంటే పెట్టెల్ని కలిపే కొక్కెం ఈ చివరిది నుంచి ఆ చివరిదాకా, 10,713 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 123. వెడల్పు 3,200, మనకి 37 కంటే కాస్త తక్కువ. చక్రం మీటరు, మనకి పదకొండున్నర.

ఇక్కడే ఒక చిక్కుంది. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, స్కేలు ప్రకారం 19.3 రావాలి. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాలు 16.5. అవి యూరప్, అమెరికాల్లో వాడే 1,435 గేజ్‌కి చేసినవి. అంచేత మన పెట్టెని వాటి మీద ఎక్కిస్తే, పెద్ద పంచె కట్టుకున్న పిల్లాడిలా చక్రాలు లోపలికి నక్కి కనిపిస్తాయి. పట్టాలు కూడా సొంతంగా వేసుకునే ఓపికున్నవాళ్లు 19.3కి పోవచ్చు. నాకు లేదు. పక్కనుంచి చూస్తే తెలియదని సర్దుకున్నాను.

ఈ 87 లెక్క మనసులో పెట్టుకోండి, చాలాచోట్ల కాపాడుతుంది. చేతిపట్టీకి అర మిల్లీమీటరు తీగ వాడామనుకోండి, అసలు పెట్టె మీద అది 43 మిల్లీమీటర్ల లావు. అంటే బోరు పంపు గొట్టం. 0.3 తీగ తెచ్చుకోండి. రంగు 0.2 మందం పడితే అసలు పెట్టె మీద 17 మిల్లీమీటర్ల పూత. రివెట్లన్నీ అందులో మునిగిపోతాయి.

తెర: కిట్ ముక్కలు. బూడిద రంగు రెసిన్ గోడలు, ఇత్తడి రేకు, చక్రాలు.

ఈ కిట్ గోడలు 3డీ ప్రింటర్‌లో తీసిన రెసిన్. నిచ్చెనలు సన్నటి ఇత్తడి రేకులో ఉన్నాయి. అచ్చు పోసిన ప్లాస్టిక్ కిట్ అయితే పల్చటి ప్లాస్టిక్ సిమెంట్ కుంచెతో అంచుకి తాకిస్తే చాలు, సందులోకి దానంతటదే పాకి రెండు ముక్కల్నీ కరిగించి ఒకటి చేస్తుంది. రెసిన్ మీద ఆ సిమెంట్ పనిచెయ్యదు. ఎంతసేపు ఆరబెట్టినా ముక్కలు ఊడి చేతికొస్తాయి. రెసిన్‌కి సూపర్‌గ్లూ, లేదా రెండు ట్యూబుల ఎపాక్సీ.

ఈ పక్క గోడ చూడండి, అరటి దొప్పలా వంగింది. మే నెలలో వచ్చిన పార్సిల్, రోహిణి కార్తె ఎండ. కంగారు పడక్కర్లేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్న నీళ్లలో, మరిగేవి కాదు, ఒక నిమిషం ఉంచి, తీసి, అద్దం పలక మీద పెట్టి పైన పుస్తకాలు పెట్టండి. చల్లారేసరికి తిన్నగా అవుతుంది. చేత్తో వంచితే మాత్రం పటుక్కున విరుగుతుంది.

గోడలు అతికించేటప్పుడు మూలమట్టం పెట్టుకోండి. లేకపోతే ఉక్కు స్కేలు రెండు ఆనించుకోండి. నాలుగు గోడలూ ఒకేసారి అతికించకండి. ఒక పక్క గోడ, ఒక చివర గోడ కలిపి ఎల్ ఆకారం. అలాంటివి రెండు. ఆరాక ఆ రెంటినీ కలపండి.

తెర: ఇత్తడి నిచ్చెన, చాలా దగ్గరగా. పక్కన వేలి గోరు.

ఇప్పుడు నిచ్చెన. దీని దగ్గర నేను మూడు వారాలు ఏడ్చాను. రేకులోంచి కత్తిరించి, ఆకురాయితో అంచు సాఫుచేసి, సగం కోసిన గీత లోపలికి వచ్చేలా మడవాలి. అక్కడిదాకా సులువే. మడత మూలకి టంకం పెట్టాలి కదా. టంకం పెట్టే కరెంటు కడ్డీ తాకిస్తే టంకం అతకదు, పాదరసంలా ఉండలు కట్టి దొర్లిపోతుంది.

నెల్లూరు ఆచారివీధిలో మాకు తెలిసిన పెద్దాయన ఒకరు, బంగారప్పని. ఆయన దగ్గర వెలిగారం చూశాను కదా, టంకం అతకడానికి పూసే మందు అదే అనుకుని కొంచెం అడిగి తెచ్చి పూశాను. ఇంకా అధ్వానం. నిచ్చెన పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఆయన కళ్లద్దాలు పైకెత్తి చూసి నవ్వాడు.

"అబ్బయా, వెలిగారం నిప్పు చూడాల. నీ కరెంటు కడ్డీ వేడికి అది నిద్ర గూడా లెయ్యదు."

తర్వాత చదివితే అర్థమైంది. వెలిగారం కరగాలంటే 740 డిగ్రీలు దాటాలి. ఆయన ఊదే మంటకి అది సరిపోతుంది. మన టంకం తగరం, సీసం కలిపినది, 190 డిగ్రీల లోపే కరుగుతుంది. ఆ వేడికి వేరే ఫ్లక్స్, అంటే టంకం అతకడానికి పూసే మందు, కావాలి. ఇత్తడికి నీళ్లలో పల్చగా కలిపిన ఫాస్ఫారిక్ ఆసిడ్ ఫ్లక్స్ బాగా పనిచేస్తుంది. ఆయన చెప్పిన ఇంకో మాట మాత్రం రెండు పనులకీ ఒకటే: "టంకం వేడి ఎటుంటే అటు పోద్ది. నువ్వు తోలబాక, దారి చూపీ."

తెర: పట్టకారుతో పట్టిన నిచ్చెన. కడ్డీ మొన టంకానికి కాక ఇత్తడికి తాకుతోంది. టంకం మెరుస్తూ సందులోకి పాకుతుంది.

ఇదిగో. కడ్డీని ఇత్తడికి ఆనించాలి, టంకానికి కాదు. ముందు ఇత్తడి వేడెక్కాలి. అప్పుడు చూడండి... పోయింది లోపలికి. కళ్ల ముందే పాకింది. ఒక సెకను చాలు.

అయ్యాక నీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో కడగండి. ఆసిడ్ మిగిలితే మన సముద్రపు గాలికి రెండు వారాల్లో పచ్చగా చిలుము పడుతుంది. ఇంకోటి, టంకం పనంతా విడిగా చేసుకుని చల్లారాకే నిచ్చెనని పెట్టెకి అతికించండి. రెసిన్ మీద కడ్డీ ఆనిస్తే ఏమవుతుందో నా మొదటి పెట్టె వెనక్కి తిప్పితే కనబడుతుంది. చూపించను.

తెర: వంటింటి డిజిటల్ తూకం. సీసం గుళ్లు.

బరువు. రెసిన్ పెట్టె ఉత్తగా చాలా తేలిక, వంపు రాగానే పడిపోతుంది. అమెరికా మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ హెచ్‌ఓకి ఒక లెక్క చెప్పింది: ఒక ఔన్సు, దానికి తోడు పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. మన పెట్టె బాడీ నాలుగున్నర అంగుళాలకి కాస్త తక్కువ. అంటే మొత్తం 90 గ్రాములు ఉండాలి. వలలకి కట్టే సీసం గుళ్లు తెచ్చాను. మన సముద్రపు ఒడ్డు ఊళ్లలో వల సామాన్ల కొట్టు లేని చోటేది? గుళ్లు ముట్టుకున్నాక చెయ్యి కడుక్కునే అన్నం తినండి.

వాటిని తెల్ల జిగురుతో మాత్రం అతికించకండి. నేను చేశాను. బొగ్గు లోడు కింద దాచి, తెల్ల జిగురు పోసి, షెల్ఫులో పెట్టాను. రెండు వానాకాలాలు గడిచాయి. ఒకరోజు చూస్తే గోడలు రెండు పక్కలా ఉబ్బి మూల పగిలింది. తెల్ల జిగురు, తేమ కలిసి సీసాన్ని మెల్లగా తెల్లటి పొడిగా మారుస్తాయి. ఆ పొడికి సీసం కంటే ఎక్కువ చోటు కావాలి, అందుకే గోడని తోస్తుంది. ఎపాక్సీతో ఆ బాధ లేదు. నవ్వొచ్చేదేమిటంటే ఆ ఉబ్బిన పెట్టె, మనం ఇందాక బ్రిడ్జి మీంచి చూసిన పొట్ట పెట్టెలానే ఉంది. పగిలిన మూల అతికించి ఉంచుకున్నాను.

తెర: పెట్టె అడుగు. రెండు బోగీలు, రెండు స్క్రూలు.

బోగీలు అంటే ఇక్కడ పెట్టె కింద చక్రాలుండే చట్రాలు. అవి బిగించేటప్పుడు ఒకదాని స్క్రూ పక్కలకి మాత్రమే తిరిగేంత బిగువుగా, రెండోదాన్ని కొంచెం ఊగేంత వదులుగా పెట్టండి. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీదైనా కుదురుగా నిలుస్తుంది కదా, ఇదీ అంతే. రెండూ వదులైతే పెట్టె తాగినోడిలా ఊగుతుంది, రెండూ బిగువైతే పట్టా కాస్త తేడా ఉన్నచోట చక్రం లేస్తుంది. బోగీ పక్కన ప్రతి ఇరుసు చివరా గుండ్రటి మూత, దానికి మూడు బోల్టులు. చాలామంది అక్కడ నల్లరంగు పూసి వదిలేస్తారు. బండి పోయేటప్పుడు ఆ మూత చక్రంతో పాటు తిరుగుతుంది, స్టేషన్‌లో గమనించండి. గ్రీజు మరకతో అక్కడ కొంచెం మెరుపు పెట్టండి.

తెర: బాల్కనీలో అట్టపెట్టె. అందులో రంగు కొడుతున్నారు.

రంగు. అట్లతద్ది దాటినప్పటి నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టిన రోజు నెల్లూరులో స్ప్రే ముట్టుకోకండి. గాలిలో తేమకి రంగు మీద పాలు చల్లినట్టు తెల్లటి పొర వస్తుంది. రెండు రోజులు ఎండ కాసే దాకా ఆగండి. పల్చగా, మూడు సార్లు. హార్డ్‌వేర్ కొట్లో దొరికే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ రంగు సరిగ్గా అదే, కానీ గేటుకి కొట్టే మందం. ఇందాకటి 17 మిల్లీమీటర్లు గుర్తున్నాయా?

తెర: పెట్టె మీద నంబరు, దగ్గరగా.

నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇది. వ్యాగన్ నంబరుకి 11 అంకెలు. మొదటి రెండు రకం, తర్వాతి రెండు ఏ రైల్వేది, ఆ తర్వాత రెండు తయారైన సంవత్సరం, నాలుగు వరస సంఖ్య, చివరిది తప్పు పట్టుకునే అంకె. ఐదు, ఆరు అంకెలు 23 అని వేసి, పెట్టె నిండా పాతికేళ్ల తుప్పు పూస్తే తెలిసినవాడు నవ్వుతాడు. తుప్పు ఎంత పూయాలో నంబరు రాసేముందే తేల్చుకోండి. దీనికి 98 వేశాను, ఇక మొహమాటం లేకుండా పూయొచ్చు.

మన ఇళ్లల్లో ప్రింటర్లు తెలుపు అచ్చెయ్యవు. అందుకని తెల్ల డెకాల్ కాగితం (నీళ్లలో నానబెట్టి అతికించే బొమ్మల కాగితం) మీద చుట్టూ ఎర్రమట్టి రంగు అచ్చేసి, అంకెలు ఖాళీగా వదిలేశాను. నీళ్లలో నానబెట్టి జారిస్తే చుట్టూ రంగు కొంచెం తేడాగా, చదరంగా కనబడుతుంది. మొదట దిగులేసింది. తర్వాత బ్రిడ్జి మీంచి చూస్తే అసలు పెట్టెల మీద కూడా నంబరు ఉన్నచోట కొత్త రంగు చదరంగా పూసి ఉంది. దిగులు పోయింది.

తెర: స్పాంజి ముక్క, 6బి పెన్సిలు, టీ వడకట్టు.

లోపలి భాగానికి కుంచె వద్దు. గిన్నెలు తోమే స్పాంజి చిన్న ముక్క తుంచి, ముదురు గోధుమ రంగులో ముంచి, కాగితం మీద దాదాపు మొత్తం అద్దేసి, మిగిలినదాన్ని గోడకి తడుతూ పోండి. అంచుల మీద 6బి పెన్సిలు రుద్దితే ఉత్త ఇనుములా మెరుస్తుంది. చక్రం పట్టా మీద ఆనే చోట మాత్రం రంగు ఉండకూడదు, అక్కడ ఎప్పుడూ వెండిలా ఉంటుంది.

లోడు కావాలంటే నిజం బొగ్గే వాడండి. ఇస్త్రీ బండి కట్టెబొగ్గు వద్దు, అది మసకగా ఉంటుంది. రాతిబొగ్గుకి చిన్న మెరుపు ఉంటుంది. నలగ్గొట్టి టీ వడకట్టులో జల్లించి, ఆకారం కోసిన స్పాంజి మీద చల్లండి. ఈ పనికి ఇంట్లో వాళ్ల వడకట్టు తీసుకోకండి, కొత్తది కొనండి. ఈ పాఠం కూడా అనుభవమే.

తెర: గుండ్రటి పట్టాల మీద పెట్టె. వెనక్కి తోస్తున్న ఇంజన్.

చివరి పరీక్ష. ముందుకు లాగితే ఏ పెట్టె అయినా వస్తుంది. ఇంజన్‌తో వెనక్కి తోయించండి, అదీ పాయింట్ల మీదుగా, అంటే పట్టాలు చీలే చోట. తప్పులన్నీ అక్కడే బయటపడతాయి. చూడండి, రెండో బోగీ లేచింది. చక్రం తప్పు కాదు, కప్లర్ కిందికి వేలాడి పాయింట్‌కి తగులుతోంది. బోగీకీ పెట్టె అడుగుకీ మధ్య సన్న వాషర్ ఒకటి వేసి పెట్టెని కాస్త పైకి లేపితే... మళ్లీ తోద్దాం. పోయింది.

తెర: మేనల్లుడి చెయ్యి ఫ్రేములోకి వచ్చి పెట్టెని తీసుకుని, లోపలికి తొంగి చూస్తుంది.

"మామా, రేకుకి ఎన్ని పెట్టెలు?"

"యాభై ఎనిమిది, గార్డు పెట్టె కాక."

"మన హాలు సరిపోదు."

లెక్క వేశాను. ఏడు మీటర్ల పైచిలుకు. వాడన్నది ఈసారీ నిజమే.