హసి కస బకెట్లో పార్శిల్ కవరు: బెంగళూరు హోటలువాళ్ళ ఫోన్లు

(బెంగళూరులో మెస్‌లు, హోటళ్ళు, కేటరింగ్ నడుపుకునే తెలుగువాళ్ళ కోసం జరిగిన ఫోన్-ఇన్ ఇది. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాను. నమస్కారాలు, లైను కట్ అయిన చోట్లు మాత్రం తీసేశాను. కన్నడంలో హసి కస అంటే తడి చెత్త, ఒణ కస అంటే పొడి చెత్త.)

వ్యాఖ్యాత: మేడమ్ చాలా ఏళ్ళుగా ఒక పెద్ద క్యాంటీన్‌లో తడి చెత్తతో ఎరువు చేయిస్తున్నారు. ఇవాళ మీ సందేహాలన్నీ ఆవిడనే అడగండి. మొదటి ఫోన్ బీటీఎం లేఔట్ నుంచి. చెప్పండి అన్నా.

మెస్ ఓనర్: మాది ఆంధ్రా మెస్ మేడమ్. రోజుకు నలభై కేజీల దాకా తడి చెత్త వస్తుంది. వెనక జాగాలో మూడు డ్రమ్ములు పెట్టి ఎరువు మొదలుపెట్టాం. రెండు వారాలు తిరక్కముందే ఒకటే వాసన. పైన పీజీలో పిల్లలు కిటికీలు మూసుకుంటున్నారు. బిల్డింగ్ ఓనర్ ఆపేయమంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

సలహాదారు: ఏ వాసన అన్నా? కుళ్ళిన గుడ్డులా ఉందా, ముక్కు మండే ఘాటా?

మెస్ ఓనర్: కుళ్ళిన వాసనే. అడుగున నల్లటి నీళ్ళు కూడా చేరాయి.

సలహాదారు: అయితే లోపల గాలి ఆడట్లేదు. ఘాటు వాసన అయితే ఎండాకు చాల్లేదని అర్థం. కుళ్ళు వాసన అంటే నీళ్ళు ఎక్కువైపోయి ఊపిరి ఆడట్లేదని. ఇంటి చెత్తలో తొక్కలు, కాడలు ఎక్కువ కాబట్టి మధ్యలో సందులుంటాయి. మెస్ చెత్తలో అన్నం, పప్పు, సాంబారు ఎక్కువ. అన్నం ముద్దగా పేరుకుని సందులన్నీ మూసేస్తుంది. అసలు డ్రమ్ములో వేసే ముందు సాంబారు వంచేస్తున్నారా?

మెస్ ఓనర్: లేదు మేడమ్, క్లీనర్ బకెట్టుకు బకెట్టు అలాగే కుమ్మరిస్తాడు.

సలహాదారు: రేపటి నుంచి అన్నం వార్చే పెద్ద చిల్లుల గిన్నె ఒకటి పక్కన పెట్టించండి. అందులో వేసి పావుగంట వదిలేస్తే నీళ్ళు దిగిపోతాయి. ఆ నీళ్ళు నేరుగా కాలవలోకి పోకూడదు, నూనెను పట్టి ఆపే తొట్టి మీద నుంచే పోవాలి. ఆ తర్వాత ఒక బకెట్టు అన్నం, కూరలకు ఒక బకెట్టు ఎండాకులో, కొబ్బరి పొట్టో, రంపపు పొట్టో కలపండి. బకెట్టుకు బకెట్టు అంటే చాలామంది ఎక్కువనుకుంటారు, ఎక్కువ కాదు. కలిపాక గుప్పెడు తీసి గట్టిగా పిండి చూడండి. వేళ్ళ సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారిందంటే ఇంకా పొట్టు వేయాలి. పిడికిలి విప్పగానే పొడిపొడిగా రాలిపోతే కాస్త నీళ్ళు చల్లాలి.

మెస్ ఓనర్: పురుగులు కూడా కనిపిస్తున్నాయి. తెల్లగా, లావుగా.

సలహాదారు: చాలావరకు అవి నల్ల ఈగ పిల్లలు. అవి మన చెత్త తిని మనకు సాయమే చేస్తాయి, భయపడొద్దు. పైన రెండంగుళాల మందాన ఎండాకు కప్పితే బయటికి రావు. ఇంకో సంగతి, మూడు చిన్న డ్రమ్ముల్లో వేడి నిలవదు. పొడవు, వెడల్పు, ఎత్తు తలా మూడడుగులుండే కుప్ప అయితే లోపల 55 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిని మూడు రోజులు నిలబెడితే రోగాలు తెచ్చే క్రిములు చస్తాయి. ఒక ఇనుప చువ్వ కుప్ప మధ్యలో గుచ్చి పది నిమిషాలాగి తీయండి. చేత్తో పట్టుకోలేనంత కాలితే కుప్ప బాగా పనిచేస్తున్నట్టే. వారానికోసారి తిరగేయించండి. పైన పీజీ కిటికీల కింద మాత్రం పొద్దున్నపూట వద్దు, మధ్యాహ్నం అందరూ ఆఫీసులకు పోయాక తిరగేయించండి.

మెస్ ఓనర్: సరే మేడమ్. పార్శిల్ కవర్లు కూడా అందులోనే వేయొచ్చా? మా సప్లయరు మట్టిలో కలిసిపోతాయన్నాడు.

సలహాదారు: వద్దన్నా. ఎందుకో ఇప్పుడే చెప్తాను, ఆ ప్రశ్న మీద ఇంకో ఫోన్ ఉన్నట్టుంది.

వ్యాఖ్యాత: ఉంది మేడమ్. హెచ్ఎస్ఆర్ లేఔట్‌లో క్లౌడ్ కిచెన్ నడిపే చెల్లెమ్మ.

క్లౌడ్ కిచెన్ నిర్వాహకురాలు: మేడమ్, నేను డబుల్ రేటు పెట్టి కాంపోస్టబుల్, అంటే ఎరువుగా మారే కవర్లు, పారదర్శకంగా ఉండే మూతలు కొన్నాను. మిద్దె మీద ఎరువు కుండీలో ఆ కవర్లు వేసి చూశాను. నాలుగు నెలలైంది, ముడతలు తప్ప ఏం మారలేదు. పైగా వేడి రసం పోస్తే మూత వంగిపోయింది. నన్ను మోసం చేశారా?

సలహాదారు: మోసం కాకపోవచ్చు తల్లీ. సగం చెప్పి ఊరుకున్నారు, అంతే. ఆ మూత చాలావరకు పీఎల్ఏ అనే ప్లాస్టిక్ అయ్యుంటుంది. మొక్కజొన్న, చెరకు లాంటివాటి చక్కెరను పులియబెట్టి చేస్తారు. దాదాపు 55, 60 డిగ్రీల దగ్గరే అది మెత్తబడుతుంది. మీరు రసం పోసేటప్పుడు అంతకన్నా చాలా వేడిగా ఉంటుంది కదా. కాబట్టి అలాంటి మూతలు సలాడ్లకు, చల్లటి వాటికి పెట్టండి.

ఇక మట్టిలో కలవడం. మన దేశంలో కాంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు ఐఎస్/ఐఎస్ఓ 17088 అనే ప్రమాణం ఉంది. ఆ పరీక్ష 58 డిగ్రీల దగ్గర చేస్తారు. పన్నెండు వారాల్లో ముక్కలైపోయి, 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద పదోవంతుకు మించి మిగలకూడదు. ఆరు నెలల్లోపు అందులోని కార్బన్‌లో 90 శాతం గాలిలో కలిసిపోవాలి. ఇప్పుడు మీ కుండీ సంగతి చూడండి. బెంగళూరు చలికాలంలో మిద్దె మీద కుండీలో ముప్పై డిగ్రీలుంటే గొప్ప. అంత చల్లటి చోట వేసి కరగలేదని కవరును తిట్టి లాభం లేదు. దాన్ని వేయాల్సింది పెద్ద కుప్పలో, ఎరువు చేసే పెద్ద యంత్రశాలలో.

క్లౌడ్ కిచెన్ నిర్వాహకురాలు: మరి హసి కస బండిలో వేస్తే అక్కడికే పోతుందిగా?

సలహాదారు: నన్ను బాధపెట్టేది అదేనమ్మా. మన ఊళ్ళో తడి, పొడి, శానిటరీ అని మూడుగా విడదీయాలని హైకోర్టు 2015లోనే చెప్పింది. బండి దగ్గర పౌరకార్మికురాలు తడి బకెట్టులోకి చెయ్యి పెట్టి ప్లాస్టిక్ ఏరేస్తుంది. మీ కవరు ఆమెకు మామూలు కవరులాగే కనిపిస్తుంది. ఆమెకు దొరికేది ఒక్క క్షణం, కవరు మీద ఏం చదువుతుంది? ఏరి పారేస్తుంది. ఒణ కసలో వేస్తే రీసైకిల్ అయ్యే ప్లాస్టిక్‌లో కలిసి దాన్నీ చెడగొడుతుంది. తడి చెత్త బయోగ్యాస్ ప్లాంటుకు పోతే అక్కడా ఆ కవర్లు అడ్డమే. అందుకని నేను క్యాంటీన్లకు ఒకటే చెప్తాను. మీ చెత్త చివరికి ఏ చోటికి పోతుందో ముందు కనుక్కోండి, డబ్బా ఆ తర్వాత కొనండి.

కొనేటప్పుడు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సర్టిఫికెట్ అడగండి. అందులో ఉన్న తయారీదారు పేరే కవరు మీద కూడా ఉండాలి. వట్టి బయోడీగ్రేడబుల్, ఎకో అని ఆకుపచ్చ బొమ్మ వేసుంటే నమ్మొద్దు.

క్లౌడ్ కిచెన్ నిర్వాహకురాలు: అయితే దేంట్లో పంపమంటారు మేడమ్?

సలహాదారు: చెరకు పిప్పి డబ్బాలు, వక్క మట్ట ప్లేట్లు నయం. అన్నం, వేపుడు, టిఫిన్లకు బాగుంటాయి. ముక్కలుగా చింపి తడిపి వేస్తే మెల్లగానైనా కలుస్తాయి. చెరకు పిప్పి డబ్బాకు నూనె పీల్చకుండా పూత ఏం వేశారో అడగండి. ఆ పని కోసం కొన్నిటికి పీఫాస్ అనే రసాయనాలు వాడతారు, అవి మట్టిలో ఎన్నాళ్ళున్నా విరగవు. పక్క వీధి కస్టమర్లు స్టీలు క్యారియర్ తెచ్చుకుంటే ఐదు రూపాయలు తగ్గించి చూడండి. అడక్కుండా స్పూన్లు వేయడం ఈ రాత్రికే ఆపేయొచ్చు.

వ్యాఖ్యాత: మారతహళ్ళి నుంచి టీ కొట్టు అన్న. కాగితం కప్పులు ఎరువులో వేయొచ్చా అని అడుగుతున్నారు.

సలహాదారు: ఒక కప్పును రాత్రంతా నీళ్ళలో నానబెట్టి పొద్దున్నే కాగితం ఒలిచి చూడండి. లోపల ఉల్లిపొరలా పల్చటి పొర ఒకటి చేతికొస్తుంది. అది ప్లాస్టిక్. కాగితం కరిగిపోయినా అది మీ ఎరువులో చిందరవందరగా మిగిలిపోతుంది. అలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం పావుగంట ఉంటే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో తేల్చారు. గాజు గ్లాసులు పెట్టండి అన్నా. కడగడానికి ఒక మనిషి కావాలి, నిజమే. రోజూ కప్పులకయ్యే ఖర్చును ఆ మనిషి జీతం పక్కన పెట్టి లెక్కేసి చూడండి. వాడేసిన టీ పొడి మాత్రం తెచ్చి వెయ్యండి, ఎరువుకు చాలా మంచిది.

వ్యాఖ్యాత: ఇంకొకరు, కాగిన నూనె కుప్పలో పోయొచ్చా అంటున్నారు.

సలహాదారు: పోయొద్దు. గాలికి దారి మూసుకుపోతుంది. వాడిన నూనెను బయోడీజిల్‌కు పంపడానికి 2018లో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రూకో అనే కార్యక్రమం మొదలుపెట్టింది, అందులో నమోదైనవాళ్ళకే ఇవ్వండి. తక్కువకు కొని మళ్ళీ బజ్జీల బండికి అమ్మేవాళ్ళకు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి.

వ్యాఖ్యాత: చివరి ఫోన్, జయనగర్ నుంచి కేటరింగ్ బాబాయ్.

కేటరర్: అమ్మా, మేం అరిటాకులోనే వడ్డిస్తాం, ప్లాస్టిక్ గొడవ లేదు. అయినా మా ఆకులు నెలలైనా అలాగే జిగురుగా ఉంటున్నాయని ఎరువు చేసేవాళ్ళు వద్దంటున్నారు.

సలహాదారు: ఆకు మడిచి అలాగే వేస్తే ఒకదాని మీద ఒకటి పొరలుగా అంటుకుపోతాయి బాబాయ్, మధ్యలోకి గాలి పోదు. జానెడు ముక్కలుగా నరికి ఇవ్వండి, ఈనె నిలువునా చీల్చండి. వాళ్ళు వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఎంగిలాకు మడతలో ఏముంటాయి?

కేటరర్: ఐస్‌క్రీమ్ కప్పులు, కిళ్ళీకి గుచ్చిన ప్లాస్టిక్ పుల్లలు, పచ్చడి ప్యాకెట్లు... నీళ్ళ సీసా మూతలు కూడా.

సలహాదారు: చూశారా, అవి ఏరలేకే వద్దంటున్నారు. ఆకు ఎత్తకముందే ఏరేయాలి. బంతి చివర ఒక కుర్రాడిని బుట్టతో నిలబెట్టండి. కిళ్ళీకి లవంగం గుచ్చండి, పూర్వం అదే కదా. మజ్జిగ స్టీలు గ్లాసులో పోయండి. ఇంకో మాట, ఎంగిలాకుల్లో ఏం మిగులుతోందో ఎప్పుడైనా చూశారా?

కేటరర్: రెండో స్వీటు, బిర్యానీ అన్నం. అడక్కుండానే వేసేస్తారు మావాళ్ళు. తక్కువ వేస్తే పెళ్ళివాళ్ళు మాటంటారని భయం.

సలహాదారు: భయం నాకూ తెలుసు, మా క్యాంటీన్‌లోనూ అదే ఉండేది. గరిటె చిన్నది చేయించి రెండుసార్లు అడిగి వడ్డించడం మొదలుపెట్టాం. తినేవాళ్ళు తక్కువైందని ఎవరూ అనలేదు, బకెట్లు మాత్రం తేలికయ్యాయి. చెత్త నిబంధనల ప్రకారం రోజుకు వంద కేజీలు దాటితే మీరు పెద్ద ఎత్తున చెత్త తెచ్చేవాళ్ళ కిందికి వస్తారు. పెద్ద పెళ్ళి అంటే ఒక్క పూటలోనే అది దాటిపోతుంది. ఊరి చెత్తంతా మోసిన మావళ్ళిపుర, మండూరు చెత్త యార్డులు ఇప్పుడు మూతబడ్డాయి. అక్కడివాళ్ళు మన వాసన ఏళ్ళ తరబడి పీల్చారు బాబాయ్. ఒక పని చేయండి. ఈ నెలలో ఒక్క పెళ్ళికి త్రాసు పట్టుకెళ్ళి, వండగా మిగిలింది, ఆకుల్లో మిగిలింది విడివిడిగా తూయండి. వండినదైతే ఆ రాత్రే ఎవరికైనా పెట్టొచ్చు, ఎంగిలి అలా కాదు.

కేటరర్: ఆదివారం మల్లేశ్వరంలో నాలుగొందల మందికి భోజనాలున్నాయమ్మా. త్రాసు వంటవాళ్ళ బండిలోనే వేయిస్తా. గరిటె సైజు ఎంత పెట్టమంటావు?

సలహాదారు: ఇప్పుడు వాడేదాంట్లో సగం. ముందు బిర్యానీ గరిటెతో మొదలుపెట్టండి.