కృష్ణుణ్ణి కూర్చోబెట్టి మనం అడుగుతున్నదేంటి? | రంగస్థల కళాకారుల ఇంటర్వ్యూలపై రివ్యూ

అందరికీ నమస్కారం. ఈసారి సినిమా రివ్యూ కాదు, వెబ్ సిరీస్ రివ్యూ కూడా కాదు. నెల రోజులుగా నేను రాత్రిళ్లు కూర్చుని చూసినవన్నీ మన రంగస్థల కళాకారుల ఇంటర్వ్యూలు. పద్యనాటకం వాళ్లవి, బుర్రకథ వాళ్లవి, సురభి నాటక సమాజం వాళ్లవి. ఛానళ్ల పేర్లు చెప్పను. ఎందుకంటే నేను చెప్పబోయే తప్పులు ఒక్కరివి కావు, నేనూ చేసినవే. ఆ కథ తర్వాత చెప్తాను.

ముందు ఒక సీను. ఒక పెద్దాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడలో కండువా. నలభై ఏళ్లు కృష్ణుడి వేషం వేసిన మనిషి. యాంకర్ "సార్, మా ప్రేక్షకుల కోసం ఒక పద్యం" అన్నారు. ఆయన గొంతు సవరించుకుని "బావా! ఎప్పుడు వచ్చితీవు..." అని ఎత్తుకున్నారు. రెండో పాదం దగ్గరికి వచ్చేసరికి "అద్భుతం సార్, అద్భుతం" అని చప్పట్లు. పద్యం అక్కడే ఆగిపోయింది. వెంటనే ప్రశ్న: "సార్, మీకు రావాల్సిన గుర్తింపు రాలేదని బాధగా ఉందా?"

అయ్యా, పద్యానికి ఉన్నవి నాలుగు పాదాలు. ఆ నాలుగూ పూర్తయ్యేదాకా కూడా ఆగలేరా?

నేను చూసినవాటిలో మూడు ప్రశ్నలు జాతీయ గీతంలా ప్రతిచోటా వినిపించాయి. గుర్తింపు రాలేదని బాధగా ఉందా? సినిమాల్లోకి ఎందుకు వెళ్లలేదు? నేటి యువతకు మీరిచ్చే సందేశం ఏంటి? ఈ మూడింటికీ వాళ్ల దగ్గర జవాబులు ఎప్పుడో తయారై ఉన్నాయి. సన్మాన సభల్లో ఇరవై ఏళ్లుగా చెప్తున్న జవాబులే. కళ అమ్మలాంటిది, ప్రభుత్వం ఆదుకోవాలి, పిల్లలు ఫోన్లు పక్కన పెట్టాలి. వాళ్లు అబద్ధం చెప్తున్నారని నేను అనట్లేదు. మన ప్రశ్న అంతకన్నా లోపలికి వెళ్లట్లేదు, అంతే.

సినిమా ప్రశ్న మీద నాకు ప్రత్యేకంగా కోపం. వేల రాత్రులు స్టేజీ మీద నిలబడిన మనిషిని పట్టుకుని, నువ్వు ఫలానా చోటికి వెళ్లలేకపోయావు కదా అని అడుగుతున్నాం. ఊరికి వచ్చిన చుట్టాన్ని "మరి ఉద్యోగం రాలేదా?" అని పలకరించినట్టు ఉంటుంది.

ఇప్పుడు నా కథ. రెండేళ్ల క్రితం నేను కూడా ఫోను, ట్రైపాడ్, కాలర్ మైకు పట్టుకుని తెనాలి దగ్గర ఒక ఊరికి వెళ్లాను. అక్కడ ఒక మాస్టారు ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు, చెప్పను. ఆయన పాండవోద్యోగ విజయాలు అనే పద్యనాటకంలో కృష్ణుడు. మొదటి అరగంట నేను అడిగినవి ఏంటో ఊహించండి. అవును, ఆ మూడే. ఆయన కూడా మర్యాదగా ఆ మూడు జవాబులూ ఇచ్చారు. లోపలి నుంచి టీ వచ్చింది, తాగాను. సర్దుకుని వెళ్లిపోదాం అనుకుంటుండగా కరెంటు పోయింది.

కరెంటు పోతే ఫ్యాను ఆగింది. ఫ్యాను ఆగేసరికి ఆడియో బాగుపడింది. నా ఇంటర్వ్యూ కూడా అక్కడి నుంచే బాగుపడింది. ఆ నాటకంలో పడక సీను అని ఒకటి ఉంది. యుద్ధానికి సాయం అడగడానికి వచ్చిన దుర్యోధనుడు, నిద్ర నటిస్తున్న కృష్ణుడి తలవైపు కూర్చుంటాడు, అర్జునుడు కాళ్లవైపు. చీకట్లో ఊరికే కూర్చోలేక దాని గురించే ఒక మాట అడిగాను. "మాస్టారూ, పడక సీనులో దుర్యోధనుడు తలవైపు కూర్చున్నాడని కృష్ణుడికి ముందే తెలుసు కదా. మరి 'బావా' అని ఆశ్చర్యపోయినట్టు ఎలా పిలవాలి?"

ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. మనిషే మారిపోయారు.

"అది అడుగు అబ్బాయ్," అన్నారు. తర్వాత పన్నెండు నిమిషాలు ఆ ఒక్క మాట మీదే గడిచింది. ముందు అర్జునుణ్ణి పలకరించే పద్యం అయిపోయింది, అక్కడ గొంతులో ప్రేమ ఉంది. ఇప్పుడు మెడ అటు తిప్పాలి. ముందు ఆశ్చర్యం కళ్లలోకి రావాలి. తర్వాత నవ్వు. ఆ తర్వాతే మాట. "నవ్వు ముందొచ్చిందనుకో, కృష్ణుడు దొరికిపోతాడు. మాట ముందొచ్చిందనుకో, నటుడు దొరికిపోతాడు." ఇది ఆయన మాటే. నేను ఎక్కడా చదివింది కాదు.

తర్వాత "బావా" అనే ఆ రెండక్షరాల్నీ మూడు రకాలుగా పలికి చూపించారు. ఒకటి నిజంగా చుట్టాన్ని పిలిచినట్టు. ఇంకొకటి వెటకారం బయటపడిపోయేట్టు, అది తప్పట. మూడోది మధ్యలో. 'వా' దగ్గర కొంచెం సాగదీసి, చివర గట్టిగా మూయకుండా వదిలేశారు. వింటున్న దుర్యోధనుడు మర్యాద అనుకోవాలి, కింద కూర్చున్న జనానికి మాత్రం లోపలి సంగతి తెలియాలి. చీకట్లో ఆయన ముఖం నాకు సగమే కనపడుతోంది, అయినా కనుబొమ్మ లేచింది తెలిసింది.

అందుకే నా అభిప్రాయం ఒక్కటే. కళాకారుణ్ణి జీవితం గురించి అడిగితే ఉపన్యాసం వస్తుంది. పని గురించి అడిగితే జీవితం దానంతటదే వస్తుంది. ఆ "బావా" గురించి చెప్తూ చెప్తూనే, అది నేర్పిన గురువు చెంప మీద కొట్టిన సంగతి, ఆ రాత్రి ఇంటికి వెళ్లకుండా కాలవ గట్టు మీద పడుకున్న సంగతి చెప్పారు. "మీ గురువుగారి గురించి చెప్పండి" అని అరగంట ముందు అడిగినప్పుడు వచ్చింది మాత్రం "మహానుభావుడు" అన్న ఒక్క మాటే.

మన భాషలో ఈ పని చాలా బాగా జరిగిన చోటు ఒకటి ఉంది, అది వీడియో కాదు. బుర్రకథ నాజర్ గారు తన జీవితం చెప్తుంటే అంగడాల వెంకట రమణమూర్తి గారు రాసిన 'పింజారి'. నాజర్ గారిది గుంటూరు జిల్లా పొన్నెకల్లు, పేద దూదేకుల కుటుంబం. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆ పుస్తకంలో అడిగినాయన కనపడరు. అసలు ప్రశ్నలే ఉండవు, చెప్పే గొంతే ఉంటుంది. మన యాంకర్లు ఫ్రేములో సగం వాళ్లే ఉంటారు. బుర్రకథ తెలిసినవాళ్లకి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. కథకుడు మధ్యలో తంబురాతో కథ నడుపుతాడు. పక్కన వంతలు ఇద్దరు, ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. ఆ వంతలు కథకుణ్ణి ప్రశ్నలతో పొడుస్తూనే ఉంటారు, కానీ కథ ఆపరు. "ఆహా, తర్వాత?" అంటారు. ఇంటర్వ్యూ చేసేవాడి పని అచ్చం అదే. వంత పాడడం అంటే మనకి తిట్టు అయిపోయింది గానీ, అది రాక ఎన్ని ఇంటర్వ్యూలు పాడయ్యాయో!

ఇక సురభి. 1885లో కడప ప్రాంతంలోని సురభి అనే ఊళ్లో వనారస గోవిందరావు గారు కీచకవధతో మొదలుపెట్టిన సమాజం. ఆ రోజుల్లో మిగతా సమాజాల్లో ఆడవేషాలు మగవాళ్లు కడుతుంటే, వీళ్లింట్లో ఆడవాళ్లే స్టేజీ ఎక్కారు. పిల్లలు చంకలో ఉండగానే వేషాలు వేశారు. సురభి మీద చాలా ఇంటర్వ్యూలు ఉన్నాయి, మొత్తంగా చూస్తే మిగతావాటికన్నా బాగున్నాయి కూడా. కారణం సులువు. ప్రతివాడికీ తెర వెనక్కి వెళ్లాలని ఉంటుంది. మాయాబజార్‌లో లడ్డూలు ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరి వెళ్తాయి కదా, అది ఎలా అని అడుగుతారు. అడగ్గానే తాళ్లు, కప్పీలు, తీగలు బయటికొస్తాయి. తీగ లాగేది మేనమామ అని, ఆయన పది నిమిషాల క్రితం వేషంలో ఉన్నాడని, ఇప్పుడు చొక్కా విప్పి తాడు పట్టుకున్నాడని తెలుస్తుంది. 2013లో పద్మశ్రీ అందుకున్న ఆర్. నాగేశ్వరరావు గారు, అందరూ బాబ్జీ గారు అంటారు, 2022లో పోయారు. ఆయన ఉన్నప్పుడు తీసినవి దొరికితే చూడండి.

అయితే ఒక్క ఫిర్యాదు. సురభి ఆడవాళ్లని అడిగేటప్పుడు మళ్లీ పాత పాటే. "ఇల్లు, నాటకం రెండూ ఎలా చూసుకున్నారు?" వాళ్లకి ఇల్లూ నాటకమూ రెండు కాదు కదండీ, అదే కదా విశేషం! చంటిపిల్ల ఏడిస్తే వింగ్‌లో పాలిచ్చి మళ్లీ ద్రౌపదిగా ఎలా వచ్చారో అడిగితే, ఏ ఎంట్రీకి ఎంత టైము ఉంటుందో, చీర ఎలా కట్టుకునేవారో, ఎవరు పిల్లని పట్టుకునేవారో అన్నీ వస్తాయి.

ఆడవేషం మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. ఆడవేషాలకి పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావు గారు సత్యభామగా వేసిన శ్రీకృష్ణ తులాభారంలో "మీరజాలగలడా" పాట ఆయన స్వయంగా రాసుకున్నదే. నాటకంలో ఆ సన్నివేశానికి తన సత్యభామకి ఏదో తక్కువైందని ఒక నటుడికి అనిపించింది. ఏం తక్కువైంది? ఆ ప్రశ్న ఆయన్ని ఎదురుగా కూర్చుని అడగాలని నాకు ఎంత కోరికో. ఆయన 1971లోనే పోయారు. సరే, మనం మళ్లీ దారిలోకి వద్దాం.

టెక్నికల్ సంగతులు. కెమెరాలు బాగుంటున్నాయి, ఫోర్‌కే వచ్చేసింది. ఆడియోనే దారుణం. హార్మోనియం ఉన్నచోట కాలర్ మైకు ఒక్కటే పెడితే శ్రుతి ఎక్కడో బావిలోంచి వినపడుతుంది. ఇంకా ఘోరం ఏంటంటే, ఆయన పద్యం పాడుతుంటే కింద ఎడిటర్ ఇంకో శ్రుతిలో ఫ్లూటు మ్యూజిక్కు వేస్తాడు. మైకులు లేని రోజుల్లో చివరి వరసకి వినపడాలని పెంచుకున్న గొంతు అది, దానికి మీ ఫ్లూటు ఎందుకు నాయనా? రాగం తీస్తుంటే పది సెకన్లకి కట్ చేసి ఫాస్ట్ ఫార్వర్డ్ చేసిన వీడియో కూడా ఒకటి చూశాను. టెన్షన్ వచ్చి ఫోను పక్కన పెట్టేశాను. థంబ్‌నెయిళ్ల సంగతి ఇంక చెప్పను. కన్నీళ్లు తుడుచుకునే ఫొటో, ఎర్ర బాణం. ఆయన నిజానికి అక్కడ కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

డబ్బు గురించి ఎవరూ సరిగ్గా అడగరు. పేదరికం గురించి అడుగుతారు, డబ్బు గురించి అడగరు. రెండూ వేరు. పద్యనాటకంలో ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు ఉంటారని కొత్తవాళ్లకి తెలియదు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు. పడక సీను ఒకరిది, రాయబారం ఇంకొకరిది. మరి ఎవరికి ఎంత? కాంట్రాక్టరు ఎప్పుడు ఇస్తాడు, నాటకం ముందా, తెల్లారాకా? పద్యం మధ్యలో చదివింపులు వస్తే, మైకులో పేర్లు చదువుతుంటే, కృష్ణుడు ఆ రెండు నిమిషాలూ ముఖం ఎలా పెట్టుకుని నిలబడాలి? నేను మాస్టారిని ఇది అడిగితే పడీపడీ నవ్వారు. "పిల్లనగ్రోవి సర్దుకుంటా," అన్నారు. "ఎంత సర్దుతా? ఒకసారి పదకొండు మంది చదివించారు. పిల్లనగ్రోవి అరిగిపోయింది."

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి నాటకం ప్రదర్శనలు నిషేధించినప్పుడు టీవీల్లో చర్చలు చాలా జరిగాయి. ఆ నాటకంలో ఒక కులాన్ని కించపరుస్తున్నారన్న అభ్యంతరానికి కారణం ఉంది. దశాబ్దాలుగా స్టేజీ మీద కలుపుకుంటూ పోయిన బూతు హాస్యం నాటక రచయిత కాళ్లకూరి నారాయణరావు గారు రాసినది కాదన్న మాటా ఉంది. కానీ ఆ అభ్యంతరమంతా ఏ పాత్ర మీదో ఆ సుబ్బిశెట్టి వేషం వేసే నటుణ్ణి కూర్చోబెట్టి, ఆ డైలాగులు ఎవరు కలిపారు, జనం అడిగితే కలిపారా, మీరు ఎప్పుడైనా తీసేసి చూశారా, తీసేస్తే ఏమైంది అని అడిగిన ఇంటర్వ్యూ నాకు ఒక్కటీ దొరకలేదు. దొరికితే కింద కామెంటులో పెట్టండి. నిజంగా అడుగుతున్నాను, కామెంట్ల కోసం కాదు.

మరి చూడదగ్గవి ఏవీ లేవా అంటే, ఉన్నాయి. సాధారణంగా అవి తక్కువ వ్యూస్ ఉన్నవే. ఊళ్లో ఎవరో మనవడు తాతని ఫోనుతో తీసినవి. వాటిలో యాంకర్ ఉండడు, లైటు ఉండదు, వెనక గేదె అరుస్తుంది. కానీ "తాతా, రాత్రి ఆ పద్యం రెండుసార్లు ఎందుకు పాడావు?" అని అడుగుతాడు. "వన్స్‌మోర్ కొట్టారు కదరా. రెండోసారి గొంతు రాలేదు, హార్మోనిస్టు కాపాడాడు" అని తాత చెప్తాడు. ఎలా కాపాడాడో కూడా చెప్తాడు. తాత అందుకోలేని పైస్థాయి దగ్గర హార్మోనిస్టు గట్టిగా వాయించి ఆ జాగా నింపేశాడట. జనానికి తెలియలేదట. ఇలాంటివి వెతుక్కుని చూడండి.

ఇంక మా మాస్టారి వీడియో. ఆ రోజు కరెంటు గంటన్నర రాలేదు. మధ్యలో ఆయన మనవరాలిని పంపి పక్క వీధిలో హార్మోనిస్టుగారిని పిలిపించారు. ఆయన పెట్టె కింద పెట్టి, నన్ను చూసి, "ఎంతసేపు?" అన్నారు. "మీ ఇష్టం" అన్నాను. ఆ మాట ఇన్నేళ్లలో ఎవరూ అనలేదని మాస్టారు నవ్వారు. ఇద్దరూ అయిదు శ్రుతి పెట్టాలా, నాలుగా అని కాసేపు తగువు పడ్డారు. వయసైపోయింది నాలుగు పెట్టు అని హార్మోనిస్టు, కృష్ణుడికి వయసేంటయ్యా అని ఈయన.

చివరికి నాలుగున్నర పెట్టారు. పడక సీను మొత్తం, ఎక్కడా కత్తెర వెయ్యకుండా, ఇప్పుడు వేస్తున్నాను. చీకటిగానే ఉంటుంది. మూడో నిమిషంలో వీధిలో ఆటో వెళ్తుంది, అది తీసెయ్యలేదు. "బావా" దగ్గర ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.