గెలిస్తే మనమ్మాయి, ఏడిస్తే చైనా

నమస్తే అండీ. ఈరోజు బ్యాడ్మింటన్ ప్లేయర్ గుత్తా జ్వాల గురించి మాట్లాడుకుందాం. ఆట గురించి కాదు, ముఖం గురించి.

జ్వాల నాన్న క్రాంతి గారు తెలుగాయన. అమ్మ యెలాన్ గారిది చైనా. గాంధీ పుస్తకాల్ని చైనీస్‌లోకి తెచ్చే పని మీద వాళ్ళ తాతగారితో మన దేశానికి వచ్చి, ఇక్కడి కోడలైపోయారు. 1983లో వార్ధాలో పుట్టిన జ్వాల పెరిగింది మాత్రం హైదరాబాద్‌లో, కోచ్ ఆరిఫ్ సార్ దగ్గర రాకెట్ పట్టి. 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో అశ్విని పొన్నప్పతో కలిసి డబుల్స్ స్వర్ణం కొట్టింది. ఆ రోజు అందరికీ మనమ్మాయే. వాళ్ళమ్మది ఏ దేశమని ఎవరడిగారు?

2020లో కరోనా వచ్చింది. అదే అమ్మాయి 'హాఫ్ కరోనా' అయిపోయింది. 2021 ఫిబ్రవరిలో చైనాలో అమ్మమ్మ పోయారు. కోవిడ్ వల్ల ఏడాదిగా అమ్మ వెళ్ళి చూడలేకపోయిందని ట్విట్టర్‌లో రాసుకుంది. దానికింద జవాబులేంటో తెలుసా? కోవిడ్ అంటావేం, చైనా వైరస్ అనవెందుకని! మన ఊళ్ళలో పగవాడింట్లో చావైనా వెళ్ళి కాసేపు కూర్చొస్తారండీ.

నన్నడిగితే ఆ ట్రోల్స్ కాస్త నయం. రాశారు, స్క్రీన్‌షాట్ మిగిలింది. నోరు జారని వాళ్ళతోనే అసలు తంటా. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లని పట్టుకుని "అబ్బ, తెలుగు భలే మాట్లాడుతున్నావే!" అంటారు. షాపువాడు నాన్నతో తెలుగులో, పక్కనున్న కూతురితో హిందీలో మాట్లాడతాడు. టూలెట్ బోర్డు చూసి లోపలికెళ్తే ఓనర్ ఆ ముఖం చూసి "అయ్యో, ఇప్పుడే అడ్వాన్స్ ఇచ్చెళ్ళారమ్మా" అంటాడు. బోర్డు మర్నాడూ వేలాడుతూనే ఉంటుంది. ఇందులో ఏ ముక్క పట్టుకుని కంప్లైంట్ ఇస్తారు?

2014లో ఢిల్లీలో అరుణాచల్ కుర్రాడు నీడో తానియాని కొట్టి చంపాక, ఈశాన్య రాష్ట్రాల వాళ్ళ ఇబ్బందులు చూడమని కేంద్రం బెజ్‌బారువా కమిటీ వేసింది. జాతి పేరుతో మాటతో గానీ సైగతో గానీ అవమానిస్తే శిక్ష ఉండాలని ఆ కమిటీ సిఫార్సు చేసింది. మంచిదే. కానీ మన ఓనర్ సైగ కూడా చెయ్యడు కదా. నవ్వుతూ, మంచినీళ్ళిచ్చి మరీ పంపిస్తాడు.

"నాకలాంటి పట్టింపుల్లేవు బ్రో" అని కామెంట్ పెడతారా? పెట్టండి. దానికి ముందు మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు తెరిచి, ఫ్లాట్ ఎవరికి అద్దెకివ్వాలి, ఎవరికివ్వకూడదు అన్న మెసేజ్‌ల దాకా ఒకసారి పైకి స్క్రోల్ చేసి రండి.