రోజూ తాగేవి, మెదడుకు చేరేవి

అందరికీ నమస్కారం.

మతిమరుపు భయంతో నా దగ్గరికి వచ్చేవాళ్లు మొదట అడిగేది, "డాక్టర్ గారూ, ఏం తినమంటారు?" అని. ఏం తాగుతున్నారో నేనే అడగాలి. "ఏముందండీ, మామూలే" అంటారు. ఆ మామూలు గురించే ఇవాళ మాట్లాడతాను.

శరీరం బరువులో మెదడు వాటా 2 శాతమే. ఖర్చయ్యే శక్తిలో మాత్రం సుమారు 20 శాతం దానికే పోతుంది. అదంతా రక్తం మోసుకెళ్లాల్సిందే. అందుకే రక్తనాళాలకు చెడు చేసేది ఏదైనా చివరికి జ్ఞాపకశక్తి దాకా వస్తుంది.

330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద, విడిగా కలిపిన చక్కెర 25 గ్రాములు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఒక్క డబ్బాతోనే ఆ గీత దాటేశాం. పైగా నమిలి తిన్న తిండికి కడుపు నిండినట్టుంటుంది, తాగిన తీపికి అంతగా ఉండదు. భోజనం ఎప్పటిలాగే చేస్తాం. ఏళ్ల తరబడి ఇలా సాగితే బరువు, షుగర్, బీపీ పెరుగుతాయి. డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే జబ్బు ముప్పు పెంచేవాటిలో మనం మార్చుకోగలిగినవి 14 ఉన్నాయని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ చెప్పింది. ఈ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి.

"డైట్ డ్రింక్ తాగొచ్చా మరి?" అంటారు. చక్కెర బదులు కృత్రిమ తీపి వేసిన ఈ డ్రింకులు రోజూ తాగేవాళ్లలో స్ట్రోక్, డిమెన్షియా ఎక్కువ కనిపించాయని 2017లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం చెప్పింది. కానీ షుగర్ ఉన్నవాళ్లే వాటివైపు ఎక్కువగా మొగ్గుతారు కాబట్టి, నేరం డ్రింక్‌దేనని తేలలేదు. నేనైతే అలవాటు చేసుకోమని చెప్పను.

కాఫీ, టీలంటే నాకు పేచీ లేదు. పేచీ అంతా వేళతోనే. పగలంతా మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటూ నిద్ర తెప్పిస్తుంది. కాఫీ, టీల్లో ఉండే కెఫీన్ దాని చోటును ఆక్రమించి నిద్రను వాయిదా వేస్తుంది. తాగిన దాంట్లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. "కాఫీ తాగినా నాకు హాయిగా నిద్ర పడుతుంది" అనేవాళ్లున్నారు. పడుతుంది, కానీ గాఢనిద్ర తగ్గుతుంది. నిద్రలో మెదడు తన వ్యర్థాలను వేగంగా కడిగేసుకుంటుందని 2013లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో కనిపించింది. ఆ వ్యర్థాల్లో, డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్‌తో ముడిపడిన బీటా అమిలాయిడ్ అనే ప్రోటీన్ కూడా ఉంది. ఇది చదివాక నేను మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేశాను. మొదటి వారం కష్టంగానే గడిచింది.

మద్యం సంగతి సూటిగా చెప్తాను. బ్రిటన్‌లో 550 మందిని 30 ఏళ్లు గమనించారు. ఒక మోస్తరుగా తాగినవాళ్లలో కూడా, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ కుంచించుకుపోవడం ఎక్కువగా కనిపించింది. కొద్దిగా తాగితే మెదడుకు మేలన్న నమ్మకానికి అందులో ఆధారం దొరకలేదు.

ఇక మంచినీళ్లు. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గితే పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకపడతారు, పొంతన లేకుండా మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు మతిపోయిందని కంగారుపడతారు. అలా హఠాత్తుగా మారితే వెంటనే డాక్టర్‌కు చూపించండి. మామూలు రోజుల్లో, డాక్టర్ నీళ్లు తగ్గించమని చెప్పకపోతే, వాళ్లు అడిగేదాకా ఆగకండి. గ్లాసు నింపి చేతికందేలా పెట్టండి, కాసేపయ్యాక తాగారో లేదో చూడండి.