అనుమతి కాగితం, ఆడియో కేబుల్, మెస్ టైము

అందరికీ నమస్కారం.

క్యాంపస్‌లో డాక్యుమెంటరీ వేద్దామనగానే ఏ సినిమా అన్న దగ్గరే వాదన మొదలవుతుంది. ఆ వాదన మీరు నాకంటే బాగా చేస్తారు. నేను చెప్పేది ప్రదర్శన ఎక్కడెక్కడ ఆగిపోతుందో. ఆపాలనుకునేవాళ్లు ఎలాగూ ఉంటారు. మన చేతులారా వాళ్లకు సాకు అందించకూడదు.

ముందు కాగితం. హెచ్‌ఓడీ గారు సరేనన్నారు, అటెండరు తాళం ఇస్తానన్నాడు, అంతే కదా అనుకుంటారు. అది అనుమతి కాదు. గొడవ రాగానే ఇద్దరూ 'మాకు తెలీదే' అంటారు, తప్పుపట్టలేం కూడా. పది రోజుల ముందే లేఖ ఇవ్వండి. సినిమా పేరు, దర్శకుడు, సంవత్సరం, నిడివి, భాష, సెన్సార్ సర్టిఫికెట్ ఉంటే దాని నంబరు, తేదీ, వేళ, హాలు, చర్చ నడిపేదెవరు, అన్నీ అందులో ఉండాలి. రెండో కాపీ మీద 'అందినది' అని సంతకం, ముద్ర వేయించుకుని, ప్రదర్శన రోజు దాన్ని వెంట ఉంచుకోండి.

సర్టిఫికెట్ ఉంటే ధీమాగా ఉండొచ్చా? అయోధ్య వివాదం మీద ఆనంద్ పట్వర్ధన్ తీసిన 'రామ్ కే నామ్'కి యు సర్టిఫికెట్ ఉంది, జాతీయ అవార్డు ఉంది, కోర్టుకెళ్లాక దూరదర్శన్‌లోనూ వచ్చింది. అయినా 2019 ఆగస్టులో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆ సినిమా వేస్తే పోలీసులొచ్చి విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు. కాగితం మిమ్మల్ని ప్రతిసారీ కాపాడదు. తర్వాత విచారణలో కూర్చున్నప్పుడు మాత్రం చేతిలో ఉన్నది అదొక్కటే.

కాపీరైట్ సంగతి చాలామంది పట్టించుకోరు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో విద్యాసంస్థలకు ఒక మినహాయింపు ఉంది. సంస్థ కార్యక్రమాల్లో భాగంగా సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంస్థ పనులతో సంబంధమున్నవాళ్ల వరకే సినిమా చూపించుకోవచ్చు. పోస్టరు మీద 'అందరికీ ఆహ్వానం' అని రాశారో, ఆ మినహాయింపు చేజారినట్టే. బయటివాళ్లను పిలవాలనుకుంటే సినిమా హక్కులున్నవాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పిలవకపోయినా ఓ మెయిల్ పెట్టడం మర్యాద.

ఇక హాలు. డాక్యుమెంటరీలో మాటే ప్రాణం, మన హాళ్లలో ముందు పోయేదీ అదే. ఒక తప్పు మాత్రం గుర్తుపెట్టుకోండి. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ఒకే కేబుల్ తీసి మిక్సర్‌లో మైకు పెట్టే బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో గుచ్చుతారు. ఆ ఇన్‌పుట్ ఎడమ ఛానల్లోంచి కుడి ఛానల్ని తీసేసి, మిగిలిందే వినిపిస్తుంది. మాట రెండిట్లోనూ సమానంగా ఉంటుంది కాబట్టి మాయమవుతుంది. వెనక సంగీతం మాత్రం వస్తూనే ఉంటుంది. అందరూ 'ప్రింట్ బాలేదు' అంటారు. ప్రింట్ బాగానే ఉంది. ఒకవైపు స్టీరియో పిన్ను, రెండోవైపు రెండు మోనో పిన్నులు ఉండే వై-కేబుల్ కొని, రెండు వేర్వేరు ఛానళ్లలో పెట్టండి. ఖాళీ హాల్లో కాదు, ఫ్యాన్లన్నీ తిరుగుతుండగా చివరి వరసలో కూర్చుని విని చూడండి.

తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరం దాటి కుర్చీలు వేస్తే సబ్‌టైటిల్స్ చదవలేరు. నేల మీద నుంచి నాలుగు అడుగుల లోపు తెర మొదలైతే ముందువాళ్ల తలలే కనిపిస్తాయి, సబ్‌టైటిల్స్ ఉండేదీ అక్కడే. తెలుగు సబ్‌టైటిల్ ఫైల్‌ను యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయకపోతే పిచ్చి గుర్తులు వస్తాయి. ఫాంట్ లేకపోతే గళ్లు వస్తాయి. అన్నీ సరిగ్గా ఉన్నా కొన్ని ప్లేయర్లలో ఒత్తులు విడిపోతాయి. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటలు వచ్చే చోట ఆపి చూడండి. అక్కడ సరిగ్గా ఉంటే అంతటా సరిగ్గా ఉన్నట్టే.

ఇంటర్నెట్ లింకు మీద సినిమా వేయకండి. ఫైల్ ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉంచుకోండి. 2023 జనవరిలో ఢిల్లీ జేఎన్‌యూలో మోదీ మీద బీబీసీ తీసిన డాక్యుమెంటరీ వేద్దామనుకున్న రాత్రి కరెంటూ ఇంటర్నెట్టూ రెండూ పోయాయి, విద్యార్థులు ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో చూశారు. మామూలు కోత అయినా చిక్కే. కరెంటుతోపాటు ప్రొజెక్టర్ ఫ్యానూ ఆగిపోతుంది, వేడెక్కిన ల్యాంపు చల్లారేదాకా మళ్లీ వెలగదు. ప్రొజెక్టర్‌కి మూడొందల వాట్లు, ల్యాప్‌టాప్, స్పీకర్లు కలిపి ఐదొందలు వేసుకోండి. 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్, బ్యాటరీ కొత్తదైతే, సుమారు రెండు గంటలు లాగుతుంది. కంప్యూటర్ యూపీఎస్ కొద్ది నిమిషాలకే చేతులెత్తేస్తుంది.

నిడివి ఎంచుకునేటప్పుడు మెస్ మూసే టైము చూడండి. గంటన్నర సినిమా ఏడింటికి మొదలుపెడితే చర్చ ఉండదు, అన్నం ఉంటుంది. చర్చే కావాలంటే చిన్నవి వేయండి. 1983లో యుగాంతర్ అనే మహిళల సినిమా బృందం, హైదరాబాద్ మహిళా సంఘం స్త్రీ శక్తి సంఘటన కలిసి తెలుగులో తీసిన 'ఇది కథ మాత్రమేనా?' అరగంట లోపే అయిపోతుంది. ఇంట్లో హింస గురించి గంటసేపు మాట్లాడుకునేంత సరుకు అందులో ఉంది. సినిమా అవగానే లైట్లు వేసేయకండి, చివర్లో తెర మీద వచ్చే పేర్లు పూర్తిగా పోనివ్వండి. తొలి మైకు ప్రొఫెసర్‌కి ఇస్తే అది ఇంకో క్లాసే.

తలుపు దగ్గర ఐడీ కార్డు చూడండి, ఇందాక చెప్పిన సెక్షన్ కోసం. పేర్లూ రోల్ నంబర్లూ మాత్రం రాసుకోకండి. ఎంతమంది వచ్చారో లెక్క చాలు. ఆ జాబితా రేపు ఎవరి బల్ల మీదికి చేరుతుందో మీ చేతిలో ఉండదు.